నిలబడితే వణికే బండి

సంక్రాంతికి రెండు రోజుల ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడితే ఎవరి కారు ఏ స్థితిలో ఉందో ఇట్టే తెలిసిపోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద వరుసలు కదలవు. కొత్త కార్లు ఇంజన్ నడుస్తోందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా ఉంటాయి. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన కారులో మాత్రం స్టీరింగ్ మీద పెట్టిన వేళ్లు జలదరిస్తాయి. అద్దంలో వెనక బండి చెదిరి కనిపిస్తుంది. డాష్‌బోర్డులో ఎక్కడో ఒక ప్లాస్టిక్ ముక్క గిలక్కాయలా కొట్టుకుంటుంది. గేటు దాటి అరవై వేగం అందుకోగానే అంతా సర్దుకుంటుంది. చిట్యాల వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోతాం. నార్కట్‌పల్లిలో టీ కోసం ఆపితే మళ్లీ అదే వణుకు.

మిర్యాలగూడలో ఉండే మా బావగారి పెట్రోలు కారుకు రెండేళ్ల కిందట సరిగ్గా ఇలాగే మొదలైంది. అప్పటికి మీటరు మీద 2,14,000 కిలోమీటర్లు. మూడు నెలల్లో మూడు షెడ్లు తిరిగింది. మొదటి చోట ప్లగ్గులు మార్చారు. రెండో చోట ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిళ్లు మార్చి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగారు. మూడో చోట ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. ప్రతిసారీ రెండు మూడు రోజులు తగ్గినట్టే ఉండేది, మళ్లీ మొదటికి వచ్చేది. డబ్బు పోయిందనే బాధ కంటే నన్ను ఎక్కువగా కలచివేసిన సంగతి ఒకటి ఉంది: ఆ మూడు చోట్లా ఎవరూ ఒక్క కొలత తీయలేదు.

ఆగి ఉన్నప్పుడే ఎందుకు వణుకుతుంది?

యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా ఇంజన్ తనంతట తాను తిరగడాన్ని షెడ్లలో ఐడిలింగ్ అంటారు. ఆ సమయంలో ఇంజన్ పుట్టించే శక్తి తన రాపిడిని తట్టుకోవడానికి, ఆల్టర్నేటర్‌ను, ఏసీ కంప్రెసర్‌ను తిప్పడానికి మాత్రమే సరిపోతుంది. చేతిలో మిగులు ఏమీ ఉండదు. అందుకే మరెప్పుడూ బయటపడని చిన్న లోపం ఇక్కడ బయటపడుతుంది.

లెక్క చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 750 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 25 సార్లు మంట పుడుతుంది. అందులో ఒక్కో సిలిండర్ వాటా ఆరు పైచిలుకు. నాలుగింటిలో ఒకటి సరిగా మండకపోతే సెకనుకు ఆరుసార్లు ఒక ఖాళీ పడుతుంది. మన వేళ్లు, వీపు ఆ ఖాళీని స్పష్టంగా పట్టుకుంటాయి. అదే ఇంజన్ 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఖాళీలు సెకనుకు 25 అవుతాయి, ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఊపులో అవి కలిసిపోతాయి. లోపం అప్పుడూ ఉంది, మనకు అందదు, అంతే.

గాలి లెక్క కూడా ఇలాంటిదే. ఐడిలింగ్‌లో త్రాటిల్, అంటే గాలిని లోపలికి వదిలే రెక్క, దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్లు కిందికి దిగుతూ గట్టిగా పీలుస్తుంటాయి, లోపలికి వచ్చే గాలి మాత్రం కొంచెమే. ఎక్కడో రబ్బరు పైపు పగిలి సన్నగా గాలి దూరితే, ఆ కొంచెంలో అది పెద్ద వాటా అవుతుంది. రహదారి మీద త్రాటిల్ తెరుచుకున్నాక అదే పగులు సముద్రంలో కాకిరెట్ట.

మూడో లెక్క కంప్రెషన్‌ది, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే నొక్కుడుది. సిలిండర్ దారులను మూసే వాల్వు సరిగా మూసుకోకపోతే, పిస్టన్ పైకి నొక్కుతున్న గాలి సందులోంచి కారిపోతుంది. 750 చుట్ల దగ్గర ఆ నొక్కుడు సెకనులో 25వ వంతు సాగుతుంది. 3,000 చుట్ల దగ్గర దానికి నాలుగో వంతు సమయమే ఉంటుంది. కారిపోవడానికి వ్యవధి చాలక చాలా వరకు గాలి లోపలే ఉండిపోతుంది. "రోడ్డు మీద బాగానే పోతోంది కదా" అని మనం ఊరట చెందడానికి వెనక ఉన్న సంగతి ఇది.

కప్పిపుచ్చే లోపాలు

కొత్త ఇంజన్ వణికితే కారణం సాధారణంగా ఒకటే ఉంటుంది. ఆ ఒక్కటి దొరికితే పని అయిపోతుంది. రెండు లక్షలు దాటిన ఇంజన్ అలా ఉండదు. దానిలో నాలుగైదు చిన్న లోపాలు కలిసి కాపురం చేస్తుంటాయి, పైగా ఒకదాన్ని మరొకటి కప్పిపుచ్చుతుంటాయి. పాత బండిని పరీక్షించడంలో అసలు చిక్కు ఇదే అని నా నమ్మకం.

కంప్రెషన్ తగ్గిన ఇంజన్‌కు ఐడిలింగ్ చుట్లు కొంచెం పెంచితే వణుకు కనిపించదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిన ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే కొన్నాళ్లు పొగ తగ్గుతుంది. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు కొత్తవి వేస్తే, లోపల మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగా మండకపోవడం) ఉన్నా వణుకు కుర్చీ దాకా రాదు. ఇక ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయితే పుట్టిందే కప్పిపుచ్చడానికి. గాలి ఎక్కువైతే పెట్రోలు పెంచుతుంది, తక్కువైతే తగ్గిస్తుంది. సర్దుబాటు చేయగలిగినంత కాలం చెక్ ఇంజన్ దీపం వెలిగించదు.

కాబట్టి ఏదో ఒక భాగం మార్చాక వణుకు తగ్గిందంటే కారణం దొరికినట్టు కాదు. పెరిగిందంటే తప్పు చేసినట్టూ కాదు. బావగారి కారులో ఈ రెండో విచిత్రమే జరిగింది, ఆ కథకు కాస్త ముందుకు వెళ్లాక వస్తాను.

బానెట్ తెరవక ముందు

మంచి మెకానిక్ ముందు ప్రశ్నలు వేస్తాడు. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వణికి, వేడెక్కాక సర్దుకుంటుందా? చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మొదలవుతుందా? ఏసీ వేస్తేనే వస్తుందా? వణుకుకు ఒక తాళం ఉందా, అడ్డదిడ్డంగా వస్తుందా? బ్రేకు తొక్కితే మారుతుందా? వాన పడిన మర్నాడు ఎక్కువగా ఉంటుందా?

వీటిలో ప్రతి ప్రశ్నా సగం దారి మూసేస్తుంది. తాళం తప్పకుండా టక్ టక్ టక్ అని వచ్చే వణుకు ఒక్క సిలిండర్‌ది. తాళం లేకుండా చుట్లు పైకీ కిందికీ ఊగుతుంటే నాలుగు సిలిండర్లకూ ఉమ్మడిగా అందే గాలి దగ్గరో పెట్రోలు దగ్గరో తేడా ఉంది. వానాకాలంలో ముదిరేది తరచుగా ప్లగ్గు వైర్లు, కాయిళ్ల పగుళ్ల సంగతి: తేమ ఉన్నప్పుడు నిప్పురవ్వ ప్లగ్గు దాకా వెళ్లకుండా పక్కదారిలో ఇంజన్ శరీరానికి దూకుతుంది. బ్రేకు పెడల్ నొక్కగానే ఇంజన్ తీరు మారితే ఇంజన్ పీలుపుతో బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ లోపలి పొర చిరిగి, దాని గుండా గాలి దూరుతోందని అనుమానించాలి. అలాంటి బండిని ఆ రోజే షెడ్డుకు తీసుకువెళ్లాలి, ఎందుకంటే అక్కడ ప్రశ్న ఐడిలింగ్ గురించి కాదు, బ్రేకుల గురించి. వేడెక్కాక మొదలయ్యే వణుకు మాత్రం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతుంది. కారణం వాల్వుల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

పాత మెకానిక్‌లు చేసే ఇంకో పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజన్ నడుస్తుండగా సైలెన్సర్ చివర ఒక పలచని కాగితం ముక్కను పట్టుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ దాన్ని ఒకే తీరుగా బయటికి ఊదుతుంది. ఒక సిలిండర్ మండకపోతే ఆ ఊపిరి మధ్య మధ్య తెగుతుంది. కాగితం ఒక్కోసారి వెనక్కి పీల్చుకుపోతుంటే, పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోకపోవడం ఒక కారణం కావచ్చు. ఇది తీర్పు కాదు, సూచన మాత్రమే. అయినా కొత్త సెన్సర్ కొనే ముందు ఈ సూచన చూడటం ఎంతో మేలు.

అదే సమయంలో ఇంజన్‌ను కళ్లతో చూడాలి. చుట్ల ముల్లు కదలకుండా ఉంది, సైలెన్సర్ ఊపిరి సమంగా ఉంది, అయినా క్యాబిన్ వణుకుతోందంటే ఇంజన్ తప్పు చేయడం లేదు. దాన్ని పట్టి ఉంచే మౌంటింగుల రబ్బరు కుంగిపోయింది. మన దగ్గర దీన్ని ఫౌండేషన్ అని కూడా పిలుస్తారు.

గాలి దారి

ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు తాకే ఊళ్లలో రబ్బరుకు ఆయుష్షు తక్కువ. నల్లగొండ ఎండకు బానెట్ కింది వేడి కూడా తోడైతే వాక్యూమ్ పైపులు (ఇంజన్ పీలుపును మోసే రబ్బరు పైపులు) గట్టిపడి, వంపుల దగ్గర, క్లిప్పు పట్టిన చోట పగులుతాయి. పైకి చూస్తే బాగానే ఉంటాయి, వేళ్లతో వంచితేనే పగులు నోరు తెరుస్తుంది. బ్రేకు బూస్టర్ పైపు, ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి పీల్చే పీసీవీ వాల్వు పైపు, గాలిని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ ముందుగా చూడాల్సిన మూడు చోట్లు. కొందరు వేడి ఇంజన్ మీద పెట్రోలో, మండే స్ప్రేనో చల్లి చుట్లు మారుతున్నాయేమో చూస్తారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పద్ధతి. ఇన్‌టేక్‌లోకి పొగ పంపి, అది ఎక్కడ బయటికి వస్తుందో చూసే యంత్రాలు ఉన్నాయి. అవి లేకపోతే స్కానర్‌లో అంకెలు చదివినా చాలు.

స్కానర్ అంటే తప్పుల కోడ్ చదివి చెరిపేసే పెట్టె అని చాలామంది అనుకుంటారు. దానిలో అంతకన్నా విలువైనది ఫ్యూయెల్ ట్రిమ్ అనే అంకె. తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలుకు కంప్యూటర్ ఎంత శాతం కలుపుతోందో, ఎంత శాతం తగ్గిస్తోందో అది చెబుతుంది. సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది, అటూ ఇటూ పది శాతం దాకా పెద్దగా భయపడనక్కర లేదు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఆక్సిజన్ తనలోనే కొంత ఉంటుంది కనుక, పాత కారులో ఈ అంకె కొన్ని శాతాలు పైకి జరగడం సహజం. దాన్ని లెక్కలో పెట్టుకుని చదవాలి.

అసలు రహస్యం ఆ అంకెను రెండు చోట్ల చదవడంలో ఉంది. ఐడిలింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2,500 చుట్ల దగ్గర ప్లస్ 4కు దిగితే ఎక్కడో గాలి దూరుతోంది. ఐడిలింగ్‌లో బాగుండి, బరువు పడినప్పుడు పెరుగుతుంటే పెట్రోలు పంపో, ఫిల్టరో సరిపడా అందించలేకపోతోంది. రెండు చోట్లా ఒకేలా పెరిగి ఉంటే కొలిచే సెన్సరే తప్పు చెబుతుండవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది మెకానిక్‌లు కూడా ఇక్కడే తడబడతారు. లోపలికి వచ్చే గాలిని ముందుగానే తూచే సెన్సర్ ఉన్న కార్లలో పగులు నుంచి దూరిన గాలి ఆ తూకానికి అందదు. అందుకని పెట్రోలు, గాలి మిశ్రమం పలచనై ఇంజన్ వణుకుతుంది, ట్రిమ్ పెరుగుతుంది. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలా వాటికి అలాంటి సెన్సర్ ఉండదు. మానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలిచి గాలి ఎంతో అంచనా వేస్తాయి. ఆ కార్లలో దూరిన గాలి కూడా పీడనంగా లెక్కకు వస్తుంది, దానికి తగ్గ పెట్రోలు పడుతుంది, ఇంజన్ చుట్లు పెరుగుతాయి. అంటే ఒకే పగులు ఒక కారులో వణుకుగా, మరో కారులో హెచ్చు ఐడిలింగ్‌గా కనిపిస్తుంది.

బావగారి కారు ఈ రెండో రకం. నాలుగోసారి నల్లగొండలో ఒక పెద్ద వయసు మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాం. ఆయన మొదట అడిగింది, ఐడిలింగ్ 1,050 ఎందుకు ఉంది అని. ఆ కారుకు ఉండాల్సింది 800. వెతికితే బ్రేకు బూస్టర్ పైపు మానిఫోల్డ్‌కు తగిలించే కొస దగ్గర చీలి ఉంది. బ్రేకు కొంతకాలంగా గట్టిగా ఉంటోందని బావగారు అప్పుడు గుర్తు చేసుకున్నారు. పైపు మార్చగానే చుట్లు 800కు దిగాయి. వణుకు మాత్రం రెట్టింపయింది. మర్నాడు చెక్ ఇంజన్ దీపం వెలిగింది. బావగారు ఫోను చేసి "బాగున్న బండిని పాడు చేశారయ్యా" అన్నారు.

ఆ పైపు పగులు మూడు నెలలుగా ఇంజన్ చుట్లు పెంచి, లోపలి మరో రోగాన్ని దాచింది. పగులు పోయింది, రోగం బయటపడింది.

ఒక్క సిలిండర్‌ను పట్టుకోవడం

దీపం వెలగడం మంచిదైంది. కోడ్ పీ0303 అని వచ్చింది. చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే మూడో సిలిండర్ మండటం లేదు. పీ0300 అని వస్తే ఏ ఒక్క సిలిండర్‌నూ వేలెత్తి చూపలేకపోతున్నానని కంప్యూటర్ చెబుతున్నట్టు.

కోడ్ ఏ సిలిండర్‌దో చెబుతుంది కానీ ఎందుకో చెప్పదు. దానికి మార్పిడి పరీక్ష ఉంది. మూడో సిలిండర్ కాయిల్‌ను రెండో దానికి, రెండో దాన్ని మూడో దానికి పెట్టి నడపాలి. కోడ్ కూడా రెండుకు మారితే తప్పు కాయిల్‌ది. మారకపోతే కాయిల్ నిర్దోషి. తర్వాత ప్లగ్గును అలాగే మార్చి చూడాలి, ఆపై ఇంజెక్టర్‌ను. పైసా పెట్టకుండా మూడు భాగాల అమాయకత్వం రుజువవుతుంది. ముందరి షెడ్లలో అవే మూడు భాగాలకు డబ్బు పోశాం.

ప్లగ్గు బయటికి తీసినప్పుడు దాని మొహం చూడకుండా పక్కన పడేయకూడదు. లేత కాఫీ రంగులో ఉంటే లోపల మంట బాగుంది. పొడి మసి నలుపైతే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ వస్తోంది. తెల్లగా కాలి ఉంటే మిశ్రమం పలచనై వేడి పెరుగుతోంది. నాలుగు ప్లగ్గులనూ వరుసగా గుడ్డ మీద పెట్టి చూస్తే, మిగతా మూడింటికి భిన్నంగా ఉన్నది తనే చెబుతుంది. ప్లగ్గు గుంటలోనే ఆయిల్ నిలిచి ఉంటే ఇంజన్ పై కవరు గ్యాస్కెట్ కారుతోందని అర్థం. ఆ జిడ్డు కాయిల్ రబ్బరును పాడు చేసి మిస్సింగ్ తెస్తుంది, కొత్త కాయిల్ వేసినా కొన్నాళ్లకు అదే గతి.

ఇంజన్ నడుస్తుండగా ఒక్కో సిలిండర్‌ను ఆపి చూడటం ఇంకో పాత పరీక్ష. ఆపగానే చుట్లు పడిపోవాలి. ఏ సిలిండర్‌ను ఆపినప్పుడు ఏ తేడా రాదో అది ముందు నుంచే పని చేయడం లేదు. ప్లగ్గు వైరు లాగి ఈ పరీక్ష చేయడం ప్రమాదం. వేల వోల్టుల దెబ్బ తగులుతుంది, మండని పెట్రోలు వెళ్లి పొగ గొట్టంలో ఉండి పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తే పెట్రోలే పడదు, రెండు ప్రమాదాలూ తప్పుతాయి. బావగారి కారులో ఒకటి, రెండు, నాలుగు ఆపితే ఇంజన్ కుదేలైంది. మూడు ఆపితే ఏమీ కాలేదు.

కంప్రెషన్, శబ్దం చేయని టాపెట్

ఇంత దూరం వచ్చాక కంప్రెషన్ కొలవాలి. నిజం చెప్పాలంటే, రెండు లక్షలు దాటిన ఇంజన్‌కు ఇది చివర చేయాల్సిన పరీక్ష కాదు, మొదట్లోనే చేయాల్సింది. కంప్రెషన్ లేని సిలిండర్‌లో ఎంత ఖరీదైన ప్లగ్గు పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

పద్ధతి ముఖ్యం. ఇంజన్ వేడిగా ఉండాలి. నాలుగు ప్లగ్గులూ తీసేయాలి. పెట్రోలు, నిప్పురవ్వ రెండూ అందకుండా కనెక్టర్లు తీయాలి. త్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. ఒక్కో సిలిండర్‌కు గేజీ బిగించి, సెల్ఫ్ కొట్టి ఐదారు నొక్కుళ్ల దాకా తిప్పాలి. పెట్రోలు ఇంజన్లలో సాధారణంగా 150 నుంచి 190 పీఎస్ఐ (పీడనం కొలమానం) మధ్య చూస్తాం. ఆ అంకె ఎంత అన్నదానికన్నా నాలుగింటి మధ్య తేడా ఎంత అన్నదే ఐడిలింగ్‌కు ముఖ్యం. నాలుగూ 140 ఉన్న ముసలి ఇంజన్ బలం తగ్గినా నెమ్మదిగా, సమంగా తిరుగుతుంది. మూడు 165 ఉండి ఒకటి 105 ఉన్నది వణికి తీరుతుంది.

బావగారి కారు అంకెలు ఇవి: 165, 160, 105, 165.

తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఆయిల్ రింగుల చుట్టూ చేరి కాసేపు సందులు మూస్తుంది. అంకె గబుక్కున పెరిగితే తప్పు రింగులది, లేదా సిలిండర్ లోపలి గోడది. పెరగకపోతే వాల్వులది, లేదా వాల్వులుండే ఇంజన్ పై భాగం (హెడ్) కింద వేసే హెడ్ గ్యాస్కెట్‌ది. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి తగ్గి ఉంటే వాటి మధ్య గ్యాస్కెట్ తెగిందని గట్టి అనుమానం. ఇంకా స్పష్టత కావాలంటే ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, త్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్.

ఆయిల్ పోశాక మూడో సిలిండర్ 105 నుంచి 108కి మాత్రమే వచ్చింది. అంటే రింగులు కావు. మెకానిక్ గాలి ఎక్కించాడు, సైలెన్సర్ దగ్గర చెవి పెట్టిన నాకు బుస స్పష్టంగా వినిపించింది.

ఎగ్జాస్ట్ వాల్వు ఎందుకు మూసుకోవడం లేదు? ఆ కారు ఆరేళ్లు గ్యాస్ కిట్టు మీద తిరిగింది. గ్యాస్‌తో నడిచే ఇంజన్లలో వాల్వు కూర్చునే సీటు త్వరగా అరుగుతుంది. సీటు అరిగే కొద్దీ వాల్వు హెడ్‌లోకి ఇంకా లోతుగా వెళ్తుంది, దాని కొస తనను నొక్కే టాపెట్‌కు దగ్గరవుతుంది, మధ్య ఉండాల్సిన సందు తరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు వెంట్రుకవాసి సందు మిగిలి ఉండవచ్చు. వేడెక్కగానే వాల్వు కాడ పొడవు పెరిగి ఆ కాస్తా పోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. వేడెక్కాక మొదలయ్యే వణుకంటే నాకు భయం అందుకే. మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటుకు అప్పగించలేదు. అలాగే నడిపితే దాని అంచు కాలిపోతుంది, అప్పుడు హెడ్ విప్పక తప్పదు.

సందు పెరిగిన టాపెట్ టకటక కొట్టుకుంటుంది, ఎవరైనా వినగలరు. సందు పోయిన టాపెట్ చప్పుడు చేయదు. "ఇంజన్ ఎంత సైలెంట్‌గా ఉందో" అని ముందరి షెడ్డులో ఒకరు మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పే అసలు రోగలక్షణమని అప్పుడు మాకు తోచలేదు. కవరు విప్పి మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ దగ్గర సందును కొలిచే రేకుల ఫీలర్ గేజీ పెడితే అతి పలచని రేకు కూడా దూరలేదు. హైడ్రాలిక్ టాపెట్లున్న ఇంజన్లలో ఈ సర్దుబాటు తనంతట తానే జరుగుతుంది కానీ, ఈ కారుకు స్క్రూ ఉన్న పాత పద్ధతి. తయారీదారు చెప్పిన కొలతకు ఎనిమిది వాల్వులూ సెట్ చేయడానికి గంటన్నర పట్టింది.

నీళ్లు, థర్మోస్టాట్, ఘాట్ రోడ్డు

మన ప్రాంతంలో మరో రెండు కారణాలు తరచుగా దాగి ఉంటాయి. ఒకటి రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన నల్లగొండ గురించి దేశమంతా విన్నది. రేడియేటర్‌కు మాత్రం శత్రువు నీళ్ల కాఠిన్యం. బోరు నీళ్లలోని లవణాలు వేడికి గట్టి పొరగా పేరుకుంటాయి. ఆ పొర ఉష్ణోగ్రత సెన్సర్ మీద పడితే వేడిని సరిగా చెప్పలేదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి, ఐడిలింగ్ బరువెక్కుతుంది.

రెండోది ఇంకా ఎక్కువగా చూస్తాం. ఎండాకాలం ఇంజన్ వేడెక్కుతోందని, వేడిని బట్టి రేడియేటర్ నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్‌నే తీసి పారేస్తారు. అది తాత్కాలికంగా పని చేసినట్టుంటుంది. తెల్లవారుజామున జడ్చర్ల నుంచి షాద్‌నగర్ వైపు 44వ నంబరు రహదారి మీద ఆ కారును నడిపితే ఇంజన్ చేరాల్సిన 85, 90 డిగ్రీలకు చేరడానికి ఆపసోపాలు పడుతుంది. కంప్యూటర్ చలి మోడ్‌లోనే ఎక్కువసేపు ఉండి చిక్కని మిశ్రమం పోస్తూ ఉంటుంది. వేడెక్కడానికి అసలు కారణం మూసుకుపోయిన రేడియేటరో, పని చేయని ఫ్యానో అయి ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష: రాత్రంతా ఆగిన కారులో ఉదయం కీ తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో రెండు అంకెలు చూడాలి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు సమానంగా ఉండాలి. తేడా పెద్దగా ఉంటే రెండిట్లో ఒకటి తప్పు చెబుతోంది.

శ్రీశైలం వెళ్లేవారికి దారే ఒక పరీక్ష. మన్ననూరు దాటి అడవిలో సాగి, దోమలపెంట తర్వాత కృష్ణ వైపు దిగుతున్నప్పుడు యాక్సిలరేటర్ వదిలి గేరు మీద దిగుతాం. ఆ దిగుడులో ఇంజన్ లోపల పీలుపు అన్ని సమయాల కంటే ఎక్కువ. వాల్వు కాడల చుట్టూ ఉండే సీళ్లు గట్టిపడి ఉంటే ఆయిల్ సిలిండర్లలోకి జారుతుంది. ఆనకట్ట దగ్గర మళ్లీ ఎక్కుడు మొదలై యాక్సిలరేటర్ నొక్కగానే వెనక నీలి పొగ గుప్పున వస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. అలా వచ్చి పోయే పొగ సీళ్ల వైపు చూపిస్తుంది. ఎక్కుతున్నంతసేపూ ఆగకుండా వచ్చే నీలి పొగ రింగుల వైపు చూపిస్తుంది.

ఇంజన్ పీలుపును కొలిచే వాక్యూమ్ గేజీ ఉన్నవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. పుస్తకాల్లో ఐడిలింగ్‌కు 18 నుంచి 21 పాదరస అంగుళాలు అని రాస్తారు, అది సముద్రమట్టం లెక్క. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 300 మీటర్లకు ఒక అంగుళం చొప్పున తగ్గించి చదవాలి. 16, 17 చూసి ఇంజన్ పోయిందని బెంబేలు పడనక్కర లేదు. ముల్లు స్థిరంగా బాగా కింద ఉంటే వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చెయిన్ సాగి ఉండవచ్చు. స్థిరంగా ఉంటూనే క్రమం తప్పకుండా మధ్య మధ్య కిందికి పడితే ఒక వాల్వు కారుతోంది.

డీజిల్ బండ్ల సంగతి

దేవరకొండ, అచ్చంపేట, గద్వాల వైపు తిరిగే జీపులు, సరుకు బండ్లు ఎక్కువగా డీజిల్‌వి. వాటికి నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు, కాయిల్ ఉండవు కనుక పైన చెప్పిన దానిలో సగం వర్తించదు. కంప్రెషన్ మాత్రం ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది, ఎందుకంటే డీజిల్ మండేదే ఆ నొక్కుడు వేడికి. కామన్ రైల్ (ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే) ఇంజన్లలో ఇంజెక్టర్ల తిరుగు పైపులను ఒక్కోటి ఒక్కో చిన్న సీసాలో పెట్టి ఐడిలింగ్‌లో కొన్ని నిమిషాలు నడపాలి. మిగతా వాటికన్నా ఎక్కువ నిండిన సీసా ఉన్న ఇంజెక్టర్ లోపల అరిగింది. నాలుగూ మార్చాలని ఎవరైనా చెబితే ముందు ఈ సీసాలు చూపించమని అడగండి, అది మీ హక్కు. నల్ల పొగతో పాటు వణుకు ఉండి, వేగంలో తగ్గుతుంటే కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసిపట్టి తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి. ఫిల్టర్ అడుగున చేరిన నీటిని వదలడం, డీజిల్ పైపుల్లో గాలి చేరకుండా చూడటం ఐదు నిమిషాల పని.

టాపెట్లు సెట్ చేశాక బావగారి కారు మూడో సిలిండర్‌ను మళ్లీ కొలిస్తే 150 వచ్చింది. వాల్వు అంచు కాలకముందే పట్టుకున్నాం. సన్నని వణుకు ఇంకా కొంత మిగిలింది, అది కుంగిన కుడివైపు మౌంటింగ్‌ది. దాన్ని ఆఖరున మార్చాం. ముందే మార్చి ఉంటే మూడో సిలిండర్ మరో ఆరు నెలలు మౌనంగా కాలుతూ ఉండేది. వెయ్యి కిలోమీటర్ల తర్వాత కొలిస్తే 152. ఆ అంకెలన్నీ తేదీలతో ఒక చిన్న పుస్తకంలో రాసి బావగారు డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నారు. ఈ జనవరిలో 2,38,000 దగ్గర నాలుగు అంకెలు మళ్లీ రాశారు: 162, 160, 149, 163. ఎగ్జాస్ట్ టాపెట్ సందు మళ్లీ కొంచెం తరిగింది. ఉగాదిలోపు ఇంకోసారి సెట్ చేయించాలని ఆ పేజీ చివర రాసుకున్నారు.